ఆర్డిస్ గారిని మళ్ళీ అడగాలి

మా తోర్విక్ ఊరి సమావేశాల హాల్లో, కాఫీ పెట్టే బల్లకి పైన, గోడ మీద నాలుగు బొమ్మలున్నాయి. వాటి మీద పెద్ద అక్షరాలతో ‘తోర్విక్ ఘనులు’ అని రాసుంటుంది. ఆ నలుగురిలో ఒక్కరైనా తోర్విక్‌లో ఒక చలికాలం పూర్తిగా గడిపిన పాపాన పోలేదు.

మొదటాయన సెనేటర్. మా ఊళ్ళోనే పుట్టాడు, కాదనను. బొడ్డు ఊడేలోగానే వాళ్ళ నాన్నకి వేరే చోట ఉద్యోగం దొరికి మూటాముల్లే సర్దుకుని పోయారు. రెండో ఆవిడ పెద్ద గాయని. ఆవిడ ఎక్కిన రైలు మంచులో ఇరుక్కుపోతే నాలుగు పూటలు మా ఊరి హోటల్లో భోంచేసింది. ఆ సూప్ గురించి తర్వాత పత్రికలవాళ్ళతో ఏమందో మేం పిల్లలకి చెప్పం. మూడో ఆయన బేస్‌బాల్ ఆటగాడు, మా ఊరి అల్లుడు. విడాకులు కూడా అయిపోయి, ఆ పిల్ల ఇంకొకర్ని చేసుకుని మనవల్ని కూడా ఎత్తింది. మాజీ అల్లుడు మాత్రం గోడ దిగలేదు. నాలుగో ఆయన వ్యోమగామి. ఆయన అమ్మమ్మ సమాధి మా ఊళ్ళో ఉంది. ఆయన ఎప్పుడూ రాలేదు గాని, పైనుంచి పోతూ ఒకసారి కిందకి చూసే ఉంటాడని మా ఆశ.

పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?

ఈ ఏడు ఊరికి నూటపాతికేళ్ళు నిండుతున్నాయి. ఆ సందర్భానికి ఐదో బొమ్మ వేయించాలని అనుకున్నారు. గోడ మీద ఇంకొక్కదానికే చోటుంది. ఆ పక్కన మంటలార్పే సిలిండర్ వేలాడుతోంది, దాన్ని కదపడానికి చట్టం ఒప్పుకోదట. ఎవరి బొమ్మ వేయాలన్న దాంట్లో ఊళ్ళో ఎవరికీ రెండో మాట లేదు. ఈసారి పెరటి చెట్టుకే నీళ్ళు పోద్దామని అందరికీ ఉంది. ఆ చెట్టు ఆర్డిస్ లోకెన్ గారు.

ఆర్డిస్ గారు మా రేడియో. పెళ్ళికి ముందు చేరి, భర్త పోయాక కూడా మానకుండా, మొన్నమొన్నటి దాకా రోజూ తెల్లారకముందే మైకు ముందు కూర్చునేవారు. పందుల ధరలు, తప్పిపోయిన కుక్కలు, చావులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆవిడ నోటినుంచే వినాలి. మంచు బాగా పడ్డ పొద్దున మూడు జిల్లాల పిల్లలం దుప్పట్లో ఊపిరి బిగబట్టుకుని పడుకునేవాళ్ళం, ఏయే బళ్ళకి సెలవో ఆవిడ చదువుతారని. అక్షరక్రమంలో మా ఊరి పేరు ఎప్పుడూ అడుగునే వచ్చేది. అంతదాకా ఆవిడ ఎవరి కోసమూ తొందరపడేవారు కాదు. మా నాన్న పోయిన కబురు చదివిందీ ఆవిడే. మా నాన్న పేరు పలికేముందు కాస్త ఆగారు. ఆ ఆగడం నేనింకా మరిచిపోలేదు.

నా సంగతి చెప్పలేదు కదూ. నా పేరు లవోన్. పోస్టాఫీసు ఎదురుగా ఉన్న కాఫీ హోటలు నాదే. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో నాకు కుర్చీలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఊళ్ళో అడిగి పెట్టినా తినరు. ‘కాఫీ తాగుతారా?’ అంటే ‘అబ్బే, ఎందుకండీ శ్రమ’ అనాలి. మళ్ళీ అడిగితే ‘ఇప్పుడే తాగొచ్చాను’ అనాలి. మూడోసారి అడిగితే ‘సరే, అరకప్పు పోయండి’ అని నిండుకప్పు తాగాలి. మొదటి మాటకే తలూపినవాణ్ణి మా ముత్తాతల కాలంనుంచీ ఎవరూ చూడలేదు, విన్స్ పెట్రోచెల్లి వచ్చేదాకా.

విన్స్ మా కొత్త పశువుల డాక్టరు. న్యూజెర్సీ మనిషి. చెయ్యి మంచిది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఉత్సవాల కమిటీకి అధ్యక్షుడెవరని అడిగినప్పుడు మా వాళ్ళంతా వరసగా “అబ్బే, నేనెందుకు” అంటున్నారు. రెండో విడత అడగడం మొదలయ్యేలోపు విన్స్ లేచి, “ఎవరికీ ఇష్టం లేకపోతే నేను చేస్తానండీ!” అన్నాడు. ఎవరికీ ఇష్టం లేకపోవడమేమిటి? అక్కడ కనీసం ముగ్గురికి నిద్ర పట్టడం లేదు ఆ కుర్చీ కోసం. కానీ ఏమంటాం? చప్పట్లు కొట్టాం.

బొమ్మ సంగతి తేల్చే రోజున హాలు నిండిపోయింది. ఆర్డిస్ గారు ముందు వరసలో కూర్చున్నారు. అంతకు ముందురోజే జుట్టు రింగులు తిప్పించుకున్నారు, ఆ మందు వాసన ఇంకా వస్తూనే ఉంది. ఎనభై దాటిన మనిషి. ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, ఏమీ తెలియనట్టు కిటికీ వైపు చూస్తున్నారు.

విన్స్ లేచి, “ఆర్డిస్ గారూ, ఈ గోడ మీద మీ బొమ్మ వేయిద్దామనుకుంటున్నాం. ఏమంటారు?” అని అడిగాడు.

“అయ్యో, నా బొమ్మెందుకు బాబూ! నేనేం చేశానని! ఎవరో రాసిచ్చింది చదివాను. నాకంటే ఘనులు ఎంతమంది లేరూ!”

ఎంత చక్కగా అన్నారో! పెద్దింటి మనిషి అనిపించుకున్నారు. మేమంతా తలలూపి రెండో పిలుపు కోసం చూస్తున్నాం.

“ఓ, పర్లేదండీ!” అన్నాడు విన్స్ నవ్వుతూ. “బలవంతం ఏం లేదు. తర్వాతెవరు?”

మా వాళ్ళు ఇల్లు కూలుతున్నా కాఫీ కలపడం ఆపరు. ఆ పూట చెంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆర్డిస్ గారు చేతిసంచి తెరిచి, లోపలికి చూసి, మూశారు. “మంచిదే,” అన్నారు మెల్లగా.

అప్పుడు వెనకనుంచి డ్వేన్ ఫ్లాటెన్ చెయ్యెత్తాడు. వాడు నాతో చదువుకున్నాడు. కొన్నేళ్ళుగా చలికాలమంతా అరిజోనాలో గడిపి వస్తూ, ఉన్న నాలుగు మర్యాదలూ అక్కడ పారేసుకున్నాడు. “నా బొమ్మ వెయ్యండి. నేను టీవీలో కూడా వచ్చాను,” అన్నాడు. వచ్చిన మాట నిజమే. వరదల్లో టీవీ అమ్మాయి మాట్లాడుతుంటే వెనకాల ఒక పడవ మునిగింది. ఆ మునిగేవాడు వీడు.

“శభాష్! అదీ మాటంటే!” అన్నాడు విన్స్. అంతే, తేలిపోయింది. బొమ్మలు వేసే ఆయన శనివారం వస్తాడని ప్రకటించి, అందర్నీ కేకు తినమన్నాడు.

మరి నువ్వెందుకు లేవలేదని మీరడగొచ్చు. లేచి ఏమనాలి? ‘ఆవిడకి కావాలి, మర్యాదకి వద్దంటున్నారు’ అనా? అలా అంటే ఆవిడ ఆశపడుతున్నారని పదిమందిలో దండోరా వేసినట్టే. అంతకంటే ఆవిడ చెంప మీద కొట్టడం నయం. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉందిగా. మా ఊళ్ళో అందరికీ రోజూ అదే అవుతుంటుంది.

అయినా ఊరుకోలేదు. మర్నాడు విన్స్ టిఫినుకి వస్తే, నా చేతనైనంత స్పష్టంగా చెప్పాను.

“ఆర్డిస్ గారింటి వైపు వెళ్ళావా ఈ మధ్య?” అన్నాను.

“లేదండీ. ఆవిడకి పశువుల్లేవుగా.”

“పశువుల్లేవు. ఓవెన్లో పై కాల్చారట. రబార్బ్ కాడలతో.”

“నాకు పులుపు పడదండీ.”

“జుట్టు రింగులు తిప్పించుకున్నారు, చూశావా?”

“చూశాను. బాగున్నాయి. చెప్పండి ఆవిడతో.”

ఇంకేం చెప్పను? మా భాషలో అంతకంటే అరవడం ఉండదు. ఆ గుడ్లు వీడికి ఆమ్లెట్టు వేయాలో, వీడి నెత్తిన కొట్టాలో తెలియక వంటింట్లోకి పోయాను.

విన్స్‌ని తిట్టలేం, తెలియనివాడు. డ్వేన్‌కి ఏం రోగం? ఇక్కడి పాలు తాగి పెరిగినవాడేగా! ఊరంతా వాడి పని పట్టింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో రోడ్డు మీద ఎదురైన బండికల్లా స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తుతాం. అంతకంటే ఎత్తితే అతి, ఎత్తకపోతే పగ. డ్వేన్ బండికి వేళ్ళు లేవడం మానేశాయి. నా వంతుగా నేను వాడికి అరకప్పు పోసి జగ్గు తీసి పక్కన పెట్టడం మొదలెట్టాను. బుధవారానికి దారికొచ్చాడు.

“ఏమే లవోన్, ఇది కాఫీయా, దగ్గు మందా?” అన్నాడు కప్పులోకి చూసి.

“ఏరా, చాల్లేదా?”

“ఊళ్ళో ఒక్కడు వేలెత్తట్లేదే నాకు. మా అన్న కూడా! సొంత అన్న!”

“చూసుండడు.”

“ఎదురుగా వచ్చాడే! నాకు దారివ్వడానికి బండి గోతిలోకి దింపాడు, వేలు మాత్రం కదపలేదు.” వాడి మొహం చూస్తే జాలేసింది. “అరిజోనాలో ఎవడైనా ఇస్తానంటే ‘ఇటు పారెయ్’ అంటారు. అలవాటు తప్పింది. ఆర్డిస్ గారి చోటని నాకు తెలీదా? మా చిన్నప్పుడు ఆవిడ నోటంట తోర్విక్ అని వింటే మంచం మీద గంతులేసేవాణ్ణి. విన్స్‌తో చెప్పేస్తాను, నాకొద్దని. ఇంక కప్పు నింపు తల్లీ.”

పొర్లేదాకా పోశాను.

మర్నాడు మధ్యాహ్నం విన్స్ ఊడిపడ్డాడు, రబ్బరు బూట్లతో సహా. “డ్వేన్ మానుకున్నాడండీ. ఎల్లుండే బొమ్మలాయన వస్తాడు. గోడకి ఎవర్ని తెమ్మంటారు?”

“ఆర్డిస్ గారిని అడుగు.”

“అడిగాను కదండీ. వద్దన్నారు.”

“మళ్ళీ అడుగు.”

“వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే వేధించినట్టు కాదూ?”

అప్పుడు తెగింది నా ఓపిక. నాకంటే ముందు మా వంశంలో ఎవరికీ తెగలేదు. “అడక్కపోతేనే వేధించినట్టురా నాయనా! మొదటిసారి వద్దంటే విన్నానని అర్థం. రెండోసారి వద్దంటే ఆలోచిస్తున్నానని అర్థం. మూడోసారి అడిగితే గాని ఎలా తీసుకుంటారు, సిగ్గూ శరమూ ఉన్నవాళ్ళు? ఆవిడ ఆ రింగులు ఎవరి కోసం తిప్పించుకున్నారనుకున్నావు, నీ ఆవుల కోసమా?”

విన్స్ కుర్చీలో కూలబడ్డాడు. “అమ్మో! అంటే ఆవిడ అప్పట్నుంచీ…” అన్నాడు. నిజంగా బాధపడ్డాడు, పాపం. “మరి నిజంగానే వద్దనుకుంటే ఏమంటారండీ?” అన్నాడు.

“‘కొత్తగా ఉందే’ అంటారు. ఆ మాట వింటే మాత్రం పారిపో.”

“ఆవులు నయం. నొప్పెడితే తంతాయి,” అన్నాడు విన్స్, టోపీ పెట్టుకుంటూ.

ఇద్దరం వాడి బండిలోనే వెళ్ళాం. ఆవిడ పళ్ళెం ఒకటి నా దగ్గరుంటే తిరిగిచ్చే వంకతో పట్టుకున్నాను. ఏ వంకా లేకుండా ఒకరింటికి ఎలా పోతాం? మార్చి నెల కావడంతో మంచు సగం కరిగి దారంతా బురద. మా బండి మలుపు తిరిగినప్పుడే చూసినట్టున్నారు, తలుపు తీసేసరికి ఆర్డిస్ గారు మంచి గౌను మీద ముత్యాల దండ వేసుకుని, “పనిలో ఉన్నాను, ఇల్లు చిందరవందరగా ఉంది,” అన్నారు. ఇల్లు అద్దంలా ఉంది. పొయ్యి మీద కాఫీ, బల్ల మీద రబార్బ్ పై, మూడు పళ్ళాలు.

రోడ్డు గురించి మాట్లాడుకున్నాం. బురద గురించి మాట్లాడుకున్నాం. విన్స్ ఆ పుల్లటి పై రెండు ముక్కలు కిమ్మనకుండా మింగాడు. వాడి మీద నాకు అప్పుడే గౌరవం పెరిగింది. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“ఆర్డిస్ గారూ, ఆ బొమ్మ సంగతి మళ్ళీ అడుగుదామని వచ్చాను. మీదైతేనే బాగుంటుందండీ.”

“నాదేముంది బాబూ! అంతంత పెద్దవాళ్ళ పక్కన నేనా? ఇంకో ముక్క వేసుకో.”

విన్స్ నా వైపు చూశాడు. నేను కాఫీలోకి చూశాను.

“నిజంగానండీ. ఊరంతా మీరే కావాలంటున్నారు.”

“ఊరివాళ్ళకి మంచితనం ఎక్కువ. ఈ ముడతల మొహం చూస్తూ కాఫీ ఎలా తాగుతారు, వాళ్ళు మాత్రం?” అన్నారు ఆవిడ, వేళ్ళతో రింగులు సర్దుకుంటూ. బుగ్గలు ఎర్రబడ్డాయి. అంతా పద్ధతిగా నడుస్తోంది. ఇక మూడోది మిగిలింది. అది కూర్చుని అడిగేది కాదు. లేవాలి, తలుపు దగ్గర కాసేపు నిలబడాలి, మెట్ల మీద ఇంకాసేపు, బండి దగ్గర మరికాసేపు. ఆ బండి తలుపు పట్టుకుని అడగాలి. మా ఊళ్ళో పొలాలు చేతులు మారిందీ, పెళ్ళిళ్ళు కుదిరిందీ అక్కడే.

ఈ సంగతి విన్స్‌కి చెప్పడం మరిచాను. వాడు లేచి నిలబడ్డాడు. మొహం వేలాడిపోయింది.

“సరేనండీ, మూడుసార్లయింది. ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. క్షమించండి,” అని టోపీ తీసుకుని చరచరా బయటికి నడిచాడు. తలుపు దగ్గర ఆగలేదు. మెట్ల మీద ఆగలేదు. నేను వాడి బండిలో వచ్చానన్న మాటే మరిచిపోయాడు.

ఆర్డిస్ గారు పై కోసే కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయారు. “మూడంటాడేమిటి లవోన్?”

“హాల్లో అడిగింది కూడా కలిపినట్టున్నాడండీ.”

“అదెలా కలుస్తుంది? దాన్ని అప్పుడే ‘పర్లేదు’ అని కొట్టిపారేశాడుగా! మళ్ళీ మొదట్నుంచీ కాదూ?”

“మొదట్నుంచేనండీ. ఎవర్నడిగినా అంతే.”

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. కత్తి బల్ల మీద పెట్టారు. “నాకు కావాలి లవోన్,” అన్నారు.

ఆ మాట ఆవిడ నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు.

“మొన్న కిరాణా కొట్లో ఆ కొత్త పిల్ల నన్ను దాటేసి నా వెనకాయన్ని పిలిచింది. ఇదివరకు నేను నోరు విప్పితే చాలు, కొట్టంతా తల తిప్పేది. ఇప్పుడు బడి లేదన్న కబురు ఫోన్లలోకే వచ్చేస్తోందిగా. నా గొంతు ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పోయినవాళ్ళ పేర్లు కూడా నేనే చదివాను. మిగిలినవాళ్ళకి నేనొక ముసలిదాన్ని, అంతే. నేనెవరో నేను చెప్పుకోకుండా తెలియాలని ఉందే. ఒక్క గోడ మీదైనా.”

నాకు ఏడుపు ఆగలేదు. “నేను వెళ్ళి చెప్పనా?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“నువ్వు చెబితే ఏం బాగుంటుంది!”

బయట ఇంజను మోగింది. ఆర్డిస్ గారు చివాలున లేచారు. కోటు లేదు, బూట్లు లేవు. ఇంట్లో తిరిగే చెప్పులతోనే మెట్లు దిగి, ఆ బురదలో పరుగు మొదలెట్టారు. ఎనభై దాటిన మనిషి! కోటు పట్టుకుని వెనకాల నేను. బండి అప్పటికే వెనక్కి మళ్ళుతోంది.

“ఆగు!” అని ఒక్క కేక పెట్టారు. అది పందుల ధరలు చదివిన గొంతు కాదు, ఆ గొంతులో ఇంత కేక ఉందని మూడు జిల్లాల్లో ఎవరికీ తెలిసుండదు. బండి ఉన్నపళాన ఆగింది.

విన్స్ అద్దం దించాడు. “ఏమైందండీ? ఏదైనా మర్చిపోయానా?”

“ఆఁ, మర్చిపోయావు,” అన్నారు ఆవిడ రొప్పుతూ.

“ఏమిటండీ?”

ఆర్డిస్ గారు ఆకాశం వైపు చూశారు. “మబ్బు పట్టింది,” అన్నారు.

“అవునండీ.”

“రాత్రికి పడొచ్చు.”

“పడొచ్చండీ.”

ఒక చెప్పు బురదలో కూరుకుపోయి, ఆవిడ ఒంటికాలి మీద ఊగుతున్నారు. మా పద్ధతులు కనిపెట్టిన ముత్తాతల్ని నేను ఆ క్షణంలో మనసారా తిట్టుకున్నాను. ఆవిడ వెనక నిలబడి విన్స్‌కి రెండు వేళ్ళు చూపించాను. ఇంకొకటి బాకీ ఉందని మూడోది ఎత్తి ఊపాను. వాడు నా వేళ్ళ వైపు చూశాడు, ఆవిడ కాలి వైపు చూశాడు. మెల్లగా టోపీ తీశాడు.

“ఆర్డిస్ గారూ,” అన్నాడు, “ఆ గోడ మీద మీ బొమ్మ వేయించుకోనివ్వరా మమ్మల్ని?”

ఆర్డిస్ గారు అద్దం అంచు మీద చెయ్యి వేసి, నిటారుగా నిలబడ్డారు.

“ఏమిటోనయ్యా,” అన్నారు. “నువ్వింతలా వెంటపడుతుంటే కాదంటే ఏం బాగుంటుంది? సరే కానివ్వు.”

విన్స్ ఏదో అనబోయాడు. ఆవిడ ఇంకా చెయ్యి తీయలేదు. నేను కోటు కప్పినా ఆవిడకి తెలిసినట్టు లేదు.

“ఎడమ వైపు నుంచి గీయమని చెప్పు ఆయనతో. కుడివైపు నేనంత బాగుండను. పేరు కాస్త పెద్దగా రాయమను, తలుపు దగ్గర్నుంచి కూడా కనపడాలి. ఇంకోటి, నవ్వుతున్నట్టు గీయమను. బడి లేదని చదివే పొద్దున్నల్లా నవ్వుతూనే చదివాను బాబూ. ఒక్కరూ చూళ్ళేదు.”